సర్వరు ఎర్రబడ్డ పూట నేను లారీకి ఎదురెళ్ళాను

ఇంజను స్టార్టు చేసి గేరు వేస్తే లారీ కదిలిపోయే కాలం కాదు అది. ఆ రోజుల్లో మా నరసన్నపేట వైపు సరుకు లారీ గేటు దాటాలంటే పంచాంగం చూడాలి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి, గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టాలి, కర్పూరం వెలిగించాలి, పిల్లి ఏ వైపు ఉందో కనుక్కోవాలి, వీటన్నిటికంటే ముందు నాలాంటిదాన్ని ఎక్కడో ఒకచోట దాచెయ్యాలి. డీజిలు సంగతి ఆఖర్న గుర్తొచ్చేది. మా ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. నాకింకా ముప్ఫై నిండలేదు. ఆయన పోయిన కొన్నాళ్ళకే హైవే పక్కనున్న జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి చేరాను. చదువు సంగతి అడక్కండి. సంతకం పెట్టడం వచ్చు, అంకెలు వచ్చు, అంతే. (ఇది కూడా నేను చెబుతుంటే మా తోటికోడలు రాస్తోంది. నవ్వకుండా రాయవే అంటే నవ్వుతూనే రాస్తోంది.)

జీడిపిక్కలు కొట్టే పని మీలో ఎవరైనా చేశారో లేదో. ఆ పిక్కలోంచి వచ్చే నూనె చేతికి తగిలితే తోలు ఊడి వస్తుంది, వేళ్ళు నల్లబడిపోతాయి, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే నాలుక కూడా మండుతుంది. ఏడాది పాటు ఆ పని చేశాక నాకు స్టిక్కర్ల బల్ల దగ్గర చోటు దొరికింది. కట్టేసిన అట్టపెట్టెల మీద నంబరు స్టిక్కరు అంటించడం, తుపాకీలాంటి ఒక చిన్న మిషను దాని మీద పెట్టి ‘టిక్కు’మనిపించడం. పేరు స్కానరట. మేము మాత్రం టిక్కు మిషను అనేవాళ్ళం. నాకది ఉద్యోగం కాదు, కలెక్టరు గిరీ. నల్లబడ్డ వేళ్ళు మళ్ళీ వేళ్ళ రంగుకొచ్చాయి. ఆ బల్ల పోతే మళ్ళీ పిక్కలు కొట్టే షెడ్డుకే పోవాలని ఎవరైనా అంటే అన్నం సహించేది కాదు.

ఇంతలో మా షావుకారుకు పెద్ద ఆశ పుట్టింది. ఊరూరా పెద్ద పెద్ద దుకాణాలున్న ఒక కంపెనీకి పప్పు వెయ్యాలని. వాళ్ళు సరే అన్నారు కానీ ఒక షరతు పెట్టారు. కాగితాలు మాకొద్దు, ఫోన్లు మాకొద్దు, మీ ఊళ్ళో ఒక సర్వరు పెట్టండి, మీ మిషనూ మా మిషనూ మాట్లాడుకుంటాయి అన్నారట. ఆర్డరు అందులోనే వస్తుంది, ఏ పెట్టెలు లారీ ఎక్కాయో జాబితా అందులోనే వెళ్తుంది, జాబితా సరిపోకపోతే లారీకి గోడౌను గేటు తెరవరు, అలాగే తిరిగొచ్చేస్తుంది. మొదటి లోడు తిరిగొస్తే రెండో లోడు అడగనే అడగరు. షావుకారు మా నలభై మంది ఆడవాళ్ళనూ షెడ్డు ముందు నిలబెట్టి మరీ చెప్పాడు. “ఈ లోడు గాని ఎనక్కొచ్చిందంటే షెడ్డుకి తాళమేసీసి నాను కిరాణా కొట్టు ఎట్టుకుంతాను. మీరేటి సేస్తారో మీరే సూసుకోండి” అన్నాడు.

సర్వరు వచ్చింది. ఒక నల్ల పెట్టె. దానికి చిన్న చిన్న దీపాలు మిణుకు మిణుకుమంటుంటాయి, అంతకంటే పనేమీ చేస్తున్నట్టు కనబడదు. దానికోసం ఒక గది కట్టారు, గదికి ఏసీ పెట్టారు. బట్టీ సెగలో వేగే నలభై మందికి ఒక ఫ్యాను, అదీ తిరిగితే తిరిగినట్టు. ఊరికే దీపాలు వెలిగించుకుని కూర్చునే పెట్టెకు ఏసీ! నేను గంటకోసారి గుడ్డ పట్టుకుని దాని దుమ్ము దులపడానికి వెళ్ళేదాన్ని. లేని దుమ్ము దులపడానికి ఎక్కువసేపు పడుతుంది కదా. ఒకసారి తడిగుడ్డ వెయ్యబోతే కంప్యూటరు పాప పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

ఈ పాప కొత్తవలస నుంచి వచ్చిన పిల్ల. వాళ్ళది బాప్టిస్టు మిషను కుటుంబం, తండ్రి రైల్వేలో పని. సర్వరు చూసుకోవడానికే షావుకారు పెట్టుకున్నాడు. నాకు అర్థమయ్యేలా చెప్పాలని ఎంత తంటాలు పడిందో! “అక్కా, మన మిషను మనకు తెలిసినట్టు రాస్తాది. ఆల మిషను ఆలకి తెలిసినట్టు సదువుతాది. మజ్జిలో ఈ పెట్టి రెండింటికీ సెప్పుకొస్తాది” అంది. అప్పుడు నాకు చప్పున వెలిగింది. చిన్నప్పుడు మా అమ్మ పర్లాకిమిడి సంతకు చింతపండు తీసుకెళ్ళేది. అమ్మకు ఒడియా రాదు, కొనేవాళ్ళకు తెలుగు రాదు. మధ్యలో ఒక ముసలమ్మ కూర్చుని ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేసేది. విన్నదంతా మళ్ళీ ఒప్పజెప్పించుకుని, “ముట్టిందా?” అని అడిగి, “ముట్టింది” అని అవతలివాళ్ళ నోట అనిపించుకుంటేగాని వదిలేది కాదు. “ఓసి దీని జిమ్మడ, పర్లాకిమిడి ముసిల్దే గదేటి!” అన్నాను. పాప కడుపు పట్టుకుని నవ్వింది. ఆ రోజునుంచి మా ఇద్దరికీ సర్వరు పేరు ముసల్ది.

ఆ ముసల్ది ఏమనుకుంటోందో తెలియడానికి పక్కనున్న కంప్యూటరు తెరమీద ఒక బంతి బొమ్మ ఉండేది. జాబితా పంపాక బంతి పసుప్పచ్చగా ఉంటే వెళ్ళింది, అవతలివాళ్ళు ఇంకా చూస్తున్నారు. పచ్చగా అయితే ముట్టింది, అన్నీ సరిపోయాయి, లారీ వదలొచ్చు. ఎర్రబడితే ఒప్పుకోలేదు, లారీ కదలకూడదు. “సదువు లేపోయినా రంగులు తెలుస్తాయి గదక్కా” అంది పాప. తెలియకేం? రంగుల గురించి నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? రెండేళ్ళుగా ఏ రంగు చీర కట్టకూడదో, ఏ రంగు బొట్టు పెట్టకూడదో ఊరంతా నాకు పాఠం చెబుతూనే ఉన్నారు.

మొదటి లోడుకు ముహూర్తం పెట్టింది షావుకారు తల్లి. మేమామెను పెద్దమ్మగారు అనేవాళ్ళం, చాటున ముహూర్తాలమ్మ అనేవాళ్ళం. తుమ్మినా పంచాంగం తిరగేసే మనిషి. ఆదివారం పొద్దున్న తొమ్మిదీ నలభైకి లారీ గేటు దాటాలని తేల్చింది. పాప గొల్లుమంది. “ఆదోరం పొద్దున్న నాకు సర్చీ ఉన్నాదండి. పన్నెండు దాటితేగాని రాలేను. సోమారం పెట్టండి” అని షావుకారును బతిమాలింది. ఆయన తల్లి వైపు చూశాడు. ఆవిడ, “నీ దేవుడు ఆదోరం ఒక్కపూటే సూస్తాడు. మా దేవుడు వారమంతా సూస్తాడు గావున ముహూర్తం మాదే” అని తీర్పు చెప్పింది. ఇక చేసేది లేక పాప శనివారం సాయంత్రం నన్ను కూర్చోబెట్టి ఏ బొత్తం నొక్కాలో పదిసార్లు నొక్కించి నేర్పి, తన ఫోను నంబరు గోడమీద పెద్ద అంకెలతో రాసి వెళ్ళింది. నేను ఆ రాత్రి అద్దం ముందు నిలబడి మొహాన్ని ఆఫీసరు మొహంలా పెట్టుకుని చూసుకున్నాను. కుదరలేదు. అయినా చాలాసేపు ప్రయత్నించాను.

పెద్దమ్మగారు కూడా శనివారమే నాకో మాట చెప్పింది. “రేపు లోడెక్కీసినాక లారీ గేటు దాటేదాకా ఆ ఏసీ గదిలోనే ఉండు. నీ మొహం గాని లారీకి ఎదురైందా, సోమారం నుంచి పిక్కల షెడ్డుకే పో. స్టిక్కర్ల బల్ల మరి సూడవు.” నేను తలూపాను. నాలుగు వందల పెట్టెలకు స్టిక్కర్లు అంటించడానికి నా చెయ్యి పనికొచ్చింది, ఎక్కిన పెట్టెలు టిక్కు కొట్టడానికి నా కళ్ళు పనికొచ్చాయి, లారీకి ఎదురుగా పెట్టడానికి మాత్రం నా మొహం పనికిరాలేదు. మనిషిని ఇలా ముక్కలు ముక్కలుగా వాడుకోవడం జీడిపప్పు వ్యాపారంలోనే చూశాను. విరగని గుళ్ళు వేరు, బద్దలు వేరు, నూక వేరు.

ఆదివారం తెల్లవారగానే లోడింగు మొదలైంది. మొదటి పెట్టె లారీ ఎక్కబోతుంటే పెద్దమ్మగారు ఆపించింది. వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ. కొత్త వ్యాపారం ఏది మొదలెట్టినా మొదటి పెట్టె శ్రీముఖలింగం స్వామికి పోవాలి. వాళ్ళ మామగారి కాలంనుంచీ అంతే. అప్పట్లో కాగితం మీద ‘ఒకటి తక్కువ’ అని రాసేవారట, అవతలి షావుకారుకూ ఒక దేవుడు ఉండేవాడు కాబట్టి అర్థం చేసుకుని ఊరుకునేవాడట. పెట్టెకు పసుపు రాసి, షావుకారు బావమరిది మోటారుసైకిలు వెనక కట్టేసి పంపించేస్తున్నారు. నేను పరుగెత్తుకెళ్ళాను. “అమ్మగారూ, అది ఒకటో నంబరు పెట్టి గదండి. కంపెనీ ఆలు నాలుగొందలు అడిగారండి. మిషను ఒప్పుకోదండి” అన్నాను.

“మిషనికి నువ్వు సెప్పు. దేవుడికి నాను సెప్తాను” అంది.

మోటారుసైకిలు వెళ్ళిపోయింది. మిగతావన్నీ టిక్కు టిక్కుమనిపించి, తొమ్మిది గంటలకు నేను ఏసీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. బయటినుంచి గొళ్ళెం కూడా పెట్టలేదు వాళ్ళు. నాలాంటిది తనంతట తను బయటికొస్తుందని వాళ్ళకు తట్టే ఉండదు. పాప నేర్పినట్టే బొత్తం నొక్కాను. బంతి పసుప్పచ్చగా అయింది. ముసల్దాని దీపాలు మిణుకుమంటున్నాయి. నేను దాని ముందు చేతులు కట్టుకుని, “తల్లీ, ఒక్క పెట్టె. దేవుడి పేరు సెప్పి సర్దుబాటు సేసీ. ఆలకీ ఏదో ఒక దేవుడు ఉంతాడు గదా” అని బతిమాలాను. పర్లాకిమిడి ముసలమ్మ అయితే సర్దేసేది. ఈ ముసల్దానికి మొహమాటం లేదు. బయట డప్పులు మొదలయ్యాయి, గుమ్మడికాయ తెచ్చారు, సరిగ్గా కర్పూరం వెలిగించే వేళకు బంతి ఎర్రబడింది. కింద ఏవో ఇంగ్లీషు అక్షరాలు. వాటి మధ్యలో నాకు తెలిసినవి రెండే: 400, 399.

గోడమీది నంబరుకు ఫోను చేశాను. ఆపేసి ఉంది. పెట్టె ఒక దేవుడి దగ్గరికి వెళ్ళింది, పాప ఇంకో దేవుడి దగ్గరికి వెళ్ళింది. ఇద్దరు దేవుళ్ళూ ఒకేపూట నన్నొక్కదాన్నీ వదిలేసి కూర్చున్నారు. కిటికీ దగ్గరికెళ్ళి అద్దం మీద దబదబా బాదాను. డప్పుల్లో ఎవరికి వినబడుతుంది? చివరికి షావుకారు ఇటు చూశాడు. నేను తెరవైపు వేలు చూపించి, చేతులు అడ్డంగా ఊపాను. ఆయన, పూజ చూడాలని నాకు తహతహగా ఉందనుకున్నాడో ఏమో, “వొంగు, వొంగు” అన్నట్టు అరచెయ్యి కిందికి ఊపి అటు తిరిగి దండం పెట్టుకున్నాడు. నేను నిజంగానే వంగాను. అలవాటు అలాంటిది. వంగి, బల్ల కింద కూర్చుని ఆలోచించాను. గదికి ఒకటే తలుపు, అది తెరిస్తే సరిగ్గా లారీ ముక్కు ముందుకే. వెళ్తే నా బల్ల పోతుంది. వెళ్ళకపోతే లోడు తిరిగొచ్చి నలభై మంది షెడ్డే పోతుంది, దాంతోపాటు నా బల్ల కూడా ఎలాగూ పోతుంది. అదేదో ధైర్యం అని తరవాత అందరూ అన్నారుగానీ, నిజం చెప్పాలంటే ఎటుచూసినా పోయే బల్ల కోసం భయపడి ఏం లాభం అనిపించింది, అంతే.

లారీ ఇంజను గర్రుమంది. తలుపు తీసి, చేతిలో ఉన్న టిక్కు మిషనును అలాగే పట్టుకెళ్ళి బంపరు ముందు నిలబడ్డాను.

డప్పులు ఆగిపోయాయి. పెద్దమ్మగారు కర్పూరం పళ్ళెం కింద పెట్టేసింది. ఇచ్ఛాపురం వైపునుంచి వచ్చిన డ్రైవరు, పెద్ద మీసాల మనిషి, టక్కున ఇంజను ఆపేసి తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

“ఓలమ్మో! కొంప ముంచీసింది గదరా!” అని పెద్దమ్మగారు కేక పెట్టింది. “ఓసే, నీకేటి సెప్పినాను, నువ్వేటి సేసినావు?”

“ఆలు ఒద్దన్నారండి! ఎర్రబడిందండి!” అని నేనూ అంత గట్టిగానే అరిచాను.

షావుకారు నన్ను పట్టించుకోకుండా డ్రైవరు మీద పడ్డాడు. “పోనియ్ బాబూ, ఇంకా రెండు నిమిషాలున్నాది, పోనియ్!”

“ఎలగ పోనిత్తాను? ఎదురొచ్చీసింది. నాను కదపను. నా పిల్లలకి నాను గావాల” అన్నాడు డ్రైవరు, సీటులో వెనక్కి వాలి బీడీ వెలిగిస్తూ.

“కూలీ ఎక్కువ ఇస్తాను!”

“మీ కూలీతోటి నా దినం సేస్తారేటి?”

చూశారా విడ్డూరం. బంతి ఎర్రబడిందని నేను నెత్తీనోరూ కొట్టుకుంటే ఒక్కరూ వినలేదు. నా మొహానికి మాత్రం పది చక్రాల లారీ ఆగింది. కదలని లారీ ముందు చేసేదేం లేక, అప్పుడు, అప్పుడు మాత్రమే షావుకారు విసవిసా గదిలోకి వెళ్ళాడు. బయటికొచ్చేసరికి ఆయన మొహం గుమ్మడికాయ పగిలినట్టుంది. “అమ్మా, ఒక పెట్టి తక్కువని మొత్తం లోడు ఒద్దనీసినారే” అన్నాడు నీరసంగా.

పెద్దమ్మగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “దీని మొహం సూసే ఎర్రబడింది! దీన్ని ఆ గదిలో ఎవులు కూకోబెట్టమన్నారు?”

“మీరే గదండి” అన్నాను. “అయినా పొద్దున్నుంచి అది నన్నే సూస్తన్నాదండి. అప్పుడు పసుప్పచ్చగానే ఉన్నాది.”

డ్రైవరు కిసుక్కున నవ్వాడు. డప్పులవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. నా జన్మలో పెద్దమ్మగారికి ఎదురు చెప్పింది అదే మొదలు, అది మిషను తరఫున చెప్పాను కాబట్టి బతికిపోయాను.

పన్నెండున్నరకు పాప తెల్లచీరలో, చేతిలో బైబిలుతో వచ్చింది. సంగతంతా విని ముందు నా భుజం పట్టుకుని నవ్వింది, తరవాత తెర చూసి నవ్వు ఆపేసింది. ఒకటో నంబరు పెట్టె వెనక్కి తెస్తే పది నిమిషాల పని అంది. బావమరిదికి ఫోను చేశారు. ఆయన అప్పటికే పెట్టె విప్పించి, స్వామి ముందు పెట్టి, వచ్చినవాళ్ళందరికీ దోసిళ్ళతో పంచేశాడట. “శానా బాగుందన్నారు బావా” అని ఆనందంగా చెప్పాడు. షావుకారు ఫోను పెట్టేసి గోడకు తలానించుకున్నాడు. ఇక ఇంకో పెట్టెకు పప్పు కావాలి. సెలవని ఇళ్ళల్లో ఉన్న మా ఆడవాళ్ళను నేనే వీధి వీధి తిరిగి పిలుచుకొచ్చాను. పొట్టు తీసి, గుళ్ళు ఏరి, పెట్టె నింపి, పాప ఒకటో నంబరు స్టిక్కరు మళ్ళీ అచ్చు వేసి, పాత జాబితా రద్దు చేసి కొత్తది సిద్ధం చేసేసరికి సాయంత్రం అయిపోయింది. ఆఖరి టిక్కు నాదే, ఆఖరి బొత్తం కూడా నాచేతే నొక్కించింది. ఆ ఏసీ గదిలో షావుకారు, పెద్దమ్మగారు, డ్రైవరు, నలభై మంది నల్లవేళ్ళ ఆడవాళ్ళు, అందరం పసుపు బంతి వైపే చూస్తూ నిలబడ్డాం. పెద్దమ్మగారయితే చేతులు జోడించి కూడా ఉంది, ముసల్దానికి.

పచ్చబడింది.

“ముట్టింది!” అని అరిచాను. అరిచాకగాని ఎవరూ గడియారం చూడలేదు. ఐదు గంటలు. ఆదివారం సాయంత్రం ఐదంటే నిఖార్సయిన రాహుకాలం. తెల్లారేసరికి గోడౌను దగ్గర లేకపోతే మళ్ళీ ఇంకో గొడవ. పెద్దమ్మగారు కళ్ళు మూసుకుంది. డ్రైవరు సీటెక్కి కూర్చుని, నేను మళ్ళీ గదివైపు వెళ్ళబోతుంటే పిలిచాడు. “ఎక్కడికెల్తన్నావు సెల్లా? పొద్దున్న నువ్వు ఎదురొచ్చినావు గనకే దండగ తిరుగుడు తప్పింది. ఇటొచ్చి నిలబడు. నీ సెయ్యి ఊపు, నాను పోతాను.” నేను పెద్దమ్మగారి వైపు చూశాను. ఆవిడ మూసిన కళ్ళు తెరవలేదు. వెళ్ళి ఎదురుగా నిలబడి టిక్కు మిషను పైకెత్తి ఊపాను. రాహుకాలంలో, నా మొహం చూస్తూ, నాలుగు వందల పెట్టెలూ గేటు దాటాయి. మర్నాడు గోడౌనులో ఒక్క మాట లేకుండా దించుకున్నారు. ముహూర్తం చూసి పంపిన పాత లోడుల్లో సగం దార్లో తడిసేవో, టైరు పేలేవో. ఆ మాట ఎవరూ అనలేదు, నేను కూడా అనలేదు. మనసులో మాత్రం చాలాసార్లు అనుకున్నాను.

సోమవారం నన్ను పిక్కల షెడ్డుకు పొమ్మనలేదు. ఆచారం మాత్రం చెడకూడదు కదా, అందుకని పెద్దమ్మగారు ఆలోచించి ఒక దారి కనిపెట్టింది. టిక్కు మిషను చేతిలో ఉంటే నేను ఎదురు రావచ్చు, దోషం లేదు. మిషను కింద పెడితే దోషం. అలా చాలా ఏళ్ళపాటు ప్రతి లోడుకూ నన్ను ఏసీ గదిలోంచి పిలిపించి, “పచ్చేనా?” అని అడిగి, నా మొహం చూసి లారీ వదిలేవారు. వాళ్ళింట్లో మనవరాలి పెళ్ళప్పుడు మాత్రం నన్ను వంటశాల వెనకే కూర్చోబెట్టారు. టిక్కు మిషను తెచ్చుకోవాల్సింది అనిపించింది. పాపతో అంటే, ఈసారి నవ్వలేదు ఆ పిల్ల. నా పక్కనే వచ్చి నేలమీద కూర్చుని విస్తరేసుకుంది.

ఇప్పుడా గది లేదు. ముసల్దాన్ని తీసేశారు, అంతా ఎక్కడో ఆకాశంలో నడుస్తుందట, ఏ ఊళ్ళో ఉందో షావుకారు కొడుక్కే తెలియదు. పచ్చబడితే లారీవాడి ఫోనుకే కబురు పోతుంది. పాప పెళ్ళయి వెళ్ళిపోయింది. నేనూ పని మానేసి చాలా కాలమైంది. సాయంత్రాలు హైవే పక్క నడుస్తుంటే అప్పుడప్పుడు ఏదో ఒక లారీ, చక్రాల కింద నిమ్మకాయలతో, కదలడానికి సిద్ధంగా కనబడుతుంది. నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి, ఖాళీ చెయ్యి కొంచెం పైకి లేస్తుంది. డ్రైవరు కుర్రాళ్ళు హారను కొట్టి, “పక్కకి జరగే ముసిల్దానా!” అంటారు. వాళ్ళు నా నుదురైనా చూడరు. అలా చూడకపోవడమే మంచిది, నాకు తెలుసు. ఆ నిమ్మకాయలు చితికిపోయి లారీ వెళ్ళిపోయాక మాత్రం, ఒకనాడు నన్ను చూసి భయంతో తాళం జేబులో వేసుకున్న ఆ పెద్ద మీసాల మనిషి గుర్తొచ్చి, రోడ్డు పక్కన ఒక్కదాన్నే నిలబడి నవ్వుకుంటాను.